అద్దాలక్క మోకాలు

ఆమె తుడిచిన నేలలో ముఖం చూసుకోవచ్చని వీధివాళ్లు ఆమెను అద్దాలక్క అంటారు. మోకాళ్ల మీద కూర్చుని, గుడ్డ గట్టిగా పిండి, మూలమూలా వేలికొసతో రుద్దుతూ వెనక్కి జరుగుతుంది. తుడిచిన చోట మళ్లీ తన కాలు కూడా పడనివ్వదు. అలా తుడిచీ తుడిచీ ఒకరోజు కుడి మోకాలి మీద నిమ్మకాయంత వాపు లేచింది. డాక్టరు నొక్కి చూశాడు. "చిప్ప మీదుండే నీటితిత్తి వాచిందమ్మా, బర్సైటిస్ అంటారు. ఐసు పెట్టు, మాత్రలు వేసుకో. తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. మళ్లీ మోకాళ్ల మీద కూర్చున్నావంటే మళ్లీ వస్తుంది" అన్నాడు. ఆ మాట చెబితే తను పనిచేసే ఇంటావిడ మూతి ముడిచింది. "కాస్త వాపుకి అన్ని వారాలా? మరి నా ఇల్లెవరు తుడుస్తారే?"

వాపు తగ్గాక అద్దాలక్క పనిలోకి వచ్చేసరికి తలుపు వెనక పొడుగు కర్ర మాప్ కనిపించింది. తను ఏళ్ల తరబడి అడిగినా, కర్రతో మూలలు శుభ్రపడవని ఆవిడ కొననిది అదే.

"ఇదెప్పుడు కొన్నారమ్మగారూ?"

"నువ్వు రాలేదుగా, నేనే తుడుచుకున్నా. వంగితే నడుం పట్టేస్తోంది" అంటూ ఆవిడ పాత గుడ్డా బకెట్టూ తెచ్చి ముందు పెట్టింది. "నీకు చేత్తోనే బాగా వస్తుందిలే."

అద్దాలక్కకు ఒళ్లు మండిపోయింది. గుడ్డను కాలితో పక్కకు నెట్టి మాప్ అందుకుంది.

"మీ నడుము నడుమూ, నా మోకాలు మొద్దూనా అమ్మగారూ?"

నిలబడే తుడవడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో నేల తుడుస్తూ, ఆవిడ పాదాలు కాక ముఖం చూడడం అదే మొదటిసారి.