కోటేశ్వరమ్మ జానెడు గళ్లు

కోటేశ్వరమ్మకి జాకెట్టు గుడ్డ ఇచ్చినవాళ్లు మిగిలిన ముక్క తిరిగి అడగరు. అడిగితే ఇస్తుంది. కానీ దాన్ని వేళ్లతో నిమిరి నిమిరి, చంటిపిల్లని ఒంటరిగా బస్సెక్కిస్తున్నంత దిగులుగా ఇస్తుంది. అది చూడలేక "ఉంచుకో అక్కా" అనేస్తారు.

పుట్టింది అంగలకుదురులో, కాపురం తెనాలిలో. వసారాలో కుట్టుమిషను, పక్కన బియ్యం సంచి, సంచి నిండా వీధిలోని ఆడవాళ్ల రంగులు. చెయ్యి పెడితే ఎవరి గృహప్రవేశమో, ఎవరి సీమంతమో మెత్తగా తగులుతుంది. ఆ ముక్కలు పొరలుగా పరిచి కుట్టి ఊరికి పంచుతుంది. ఒకరికి కళ్లజోడు సంచి, ఒకరికి వేడిగిన్నె దించే గుడ్డ. బిడ్డ పుట్టిన ఇంటికి మాత్రం పొత్తిళ్ల బొంత.

బొంత ఒక్కతే కుట్టదు. మిషను నేర్చుకున్ననాటి స్నేహితులు ఇద్దరున్నారు, బాపట్లలో లక్ష్మీదుర్గ, రేపల్లెలో రాజమ్మ. ముగ్గురూ గళ్లు కోసి ఒకరికొకరు పంపుకుంటారు. గడి అంటే జానెడు చదరం. మెడలో టేపు వేలాడుతున్నా బిడ్డ బొంతకి చేతి కొలతే. ఒకరు జాన వేసి పంపిన గడిని ఇంకొకరు కత్తిరించకూడదు. మూడు చేతులూ ఒక్కలా ఉండవు కనుక ఏ బొంతా ఇంతవరకు చదరంగా రాలేదు.

"నీది చెయ్యా, చేటా?" అంటుంది కోటేశ్వరమ్మ.

"నీ పిల్లి పంజాతో కొలిస్తే బిడ్డకి కాదు, బొమ్మకి సరిపోద్ది" అంటుంది రాజమ్మ.

ఈ గళ్ల మూటలు మోసేది కోటేశ్వరమ్మ భర్త జగన్నాథరావు. ఉద్యోగం అయిపోయాక ఆయనకి రైలే కాలక్షేపం.

ఈసారి బిడ్డ రాజమ్మ మనవరాలు. ఆదివారం బారసాల. బుధవారం జగన్నాథరావు బాపట్ల నుంచి మూట తెచ్చాడు. అందులో ఒక పసుపు గడి, ఎండలో ఆరిన వెన్నెలంత మెత్తగా ఉంది. కానీ మిగతావాటికన్నా రెండు వేళ్లు పెద్దది. కోటేశ్వరమ్మ ఫోన్ తీసింది.

"దుర్గా, నీ చెయ్యేంటి నెల తిరిగేసరికి ఇంత పెరిగింది?"

"గోరింటాకు పెట్టుకున్నా వదినా, ఉబ్బింది." అవతల నవ్వు వినిపించి, వెంటనే ఫోన్ ఆగిపోయింది.

ఆ గడిని నడిమధ్యన పెట్టింది. మిగతా గళ్లు దాని పక్కన పొట్టిగా నిలబడ్డాయి. వాటికి పట్టీలు వేస్తేనే బొంత కుదురుతుంది. పట్టీకి అంత మెత్తని గుడ్డ సంచిలో లేదు. ఇంట్లో ఉంది.

జగన్నాథరావు చారల లుంగీ. పన్నెండేళ్లుగా ఉతికి ఉతికి ఊపిరంత పలచనైంది. కోటేశ్వరమ్మ మూడేళ్లుగా అడుగుతోంది. "నేనుండగా దాని మీద కత్తెర పడదు" అంటాడాయన.

శుక్రవారం ఆయన టీకి వెళ్లాడు. కత్తెర పడింది.

"లుంగీ ఏదే?"

"ఆరేస్తే గాలికి ఇంటెనక కాలవలో పడిపోయిందండి."

"ఆకు కదలట్లేదు, గాలెక్కడిది?"

"మీరు లేనప్పుడు వచ్చి వెళ్లింది."

జగన్నాథరావు కర్ర తీసుకుని కాలవగట్టుకి వెళ్లాడు. సాయంత్రం ఎదురింటి ఆదాము గుమ్మంలోకి వచ్చాడు.

"అక్కా, లుంగీ ఏ రేవులో పడింది? బావగారు నన్ను గేలం వెయ్యమంటున్నారు."

కోటేశ్వరమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. నవ్వు ఆగాక వేలికి సూది గుచ్చుకుంది. రెండోరోజు కూడా ఆయన గట్టు మీదే తిరుగుతుంటే మాత్రం అన్నంలో ఒక గరిటె నెయ్యి ఎక్కువ వేసింది.

ఆదివారం రేపల్లె ప్యాసింజర్‌లో ఆయన పక్కనే, బొంత ఉన్న సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బొంత చూస్తే ఆయన పదిమందిలో ఏమంటాడో. చూడకపోతే బాగుండును.

రాజమ్మ బొంతని ఉయ్యాల్లో పరిచి బిడ్డని పడుకోబెట్టింది. "అన్నయ్యగారూ, మీరూ వచ్చి దీవించండి."

జగన్నాథరావు వంగాడు. కోటేశ్వరమ్మ ఫ్యాను రెక్కలు లెక్కపెట్టసాగింది.

"అయితే తెనాలి కాలవ రేపల్లె ఉయ్యాల దాకా పారుతుందన్నమాట" అన్నాడాయన.

"పసిబిడ్డ ముందు ఏంటండీ మీ గొడవ."

ఆయన గొడవపడలేదు. బిడ్డ కాళ్లు మెల్లగా పక్కకి జరిపి, నడిమి పసుపు గడి మీద అరచెయ్యి చాపి పెట్టాడు. బొటనవేలు ఒక అంచున, చిటికెనవేలు ఇంకో అంచున, కొలిచినట్టు సరిపోయాయి.

కోటేశ్వరమ్మ ఆ చేతిని చూసింది. గడిని చూసింది. పెట్టెలో కలరా ఉండల మధ్య దాచుకున్న చీరాల నేత చీర గుర్తొచ్చింది. రెండే సార్లు కట్టింది.

"నా నిమ్మపండు చీర."

"లోపలి చెంగులోదేలే. దోపుకుంటే కనపడదు."

"ఎప్పుడు కోశారు?"

"నా లుంగీ పోకముందే. మూడేళ్లుగా దానివంక నువ్వు చూసే చూపుకి, ఏదో రోజు కోస్తావని నాకు తెలీదా? నేనిస్తే దుర్గమ్మ తన గళ్లలో కలిపేసింది."

అంతలో బిడ్డ బొంత తడిపేసింది. పసుపు మీదా చారల మీదా ఒకే మడుగు వ్యాపించింది. జగన్నాథరావు చెయ్యి తీసేసరికి ఆలస్యమైంది. రాజమ్మ ఉయ్యాల తాడు పట్టుకునే నవ్వింది.

తిరుగు రైల్లో కోటేశ్వరమ్మ ఖాళీ సంచి మడతపెట్టింది.

"ఏవండీ, ఇంకేం చీరలు కోశారు?"

ఆయన కిటికీలోంచి పొలాలు చూశాడు. తర్వాత లేచి కిటికీ దించాడు.

"ఏంటో ఈ గాలి" అన్నాడు.