నాలుగో అంతస్తు మామ్మకి పాట

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం కొత్త, జీతం కొత్త. లోకాన్ని బాగుచేయాలన్న పట్టుదల మాత్రం చిన్నప్పటి నుంచీ ఉన్నదే. లోకం ఎలాగూ నా మాట వినేది కాదు కనుక, బెంగాలీల నగరంలో ఉన్న మా తెలుగు చర్చిలోని హైస్కూలు పిల్లల్ని నాకు అప్పగించారు అయ్యగారు (పాస్టరుగారిని మేం అలాగే పిలుస్తాం). గార్డెన్ రీచ్, ఏక్‌బాల్‌పూర్ చుట్టుపక్కల పోర్టులోనూ రైల్వేలోనూ పనిచేసేవాళ్ల పిల్లలు. దేవుడి దయవల్ల గొంతులు బంగారం. కాళ్లే కదిలేవి కావు. బస్సు దిగి చర్చికి రెండు వీధులు నడవడానికి కూడా ఆటో కోసం చూసేవారు. ఆరాధన ముగిశాక మాత్రం రోల్ దుకాణానికి పరుగే పరుగు. ఆ పరుగులో అందరికంటే ముందుండేది మా డోలక్ వాయించే కుర్రాడు. ఎగ్ రోల్ తోనే మధ్యాహ్నం భోజనమూ సాయంత్రం పలహారమూ కానిచ్చే వాడికి రోల్‌బాబు అన్న పేరు స్థిరపడిపోయింది.

పిల్లల్ని అప్పగించిన ఏడాది డిసెంబరులో మేం మేటడోర్ బండెక్కి ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడాం. ఏక్‌బాల్‌పూర్‌లో ఒక పాత మేడలో, నాలుగో అంతస్తులో ఒక మామ్మ ఉండేది. తుంటి విరిగి మంచం మీదే ఉంది. లిఫ్టు లేదు. మా పిల్లలు మెట్ల వంక చూశారు, నా వంక చూశారు, చివరికి కిందే రోడ్డు మీద నిలబడి పాడేశారు. తర్వాతి ఆదివారం ఆవిడ కోడలు నన్ను పక్కకి పిలిచి, మామ్మ ఒక మాట అడగమందని చెప్పింది. "పిల్లలు ఏ పాట పాడినారమ్మా? నాకు బస్సు హారన్లే ఇనబడ్డాయి." దెప్పిపొడుపు కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అందుకే నాకు మరీ సిగ్గేసింది. వచ్చే క్రిస్మస్‌కి ఈ పిల్లలు ఆవిడ మంచం పక్కన నిలబడి, ఆయాసపడకుండా, పాట మొత్తం పాడి తీరాలని ఆ క్షణమే నిర్ణయించేశాను. వాళ్ల అభిప్రాయం అడగాలని నాకు తోచనేలేదు.

తర్వాతి దసరా పూజా సెలవులు అయిన వెంటనే మొదలుపెట్టాను. శనివారం సాయంత్రాలు నది ఒడ్డు దాకా చురుగ్గా నడక. తిరిగొచ్చాక చర్చి పక్క మేడ మెట్లు పాడుతూ ఎక్కడం, పాడుతూ దిగడం. అందరూ ఎక్కుతుంటే నేను కింద కుర్చీ వేసుకుని ఈల ఊదేదాన్ని (నాయకుల ఊపిరి ఈలకి కావాలి కదా). మొదటి వారం పల్లవి మొదటి మలుపులోనే ఆగిపోయింది. రోల్ బదులు ఉడికించిన శనగలు, జామకాయలు, పాస్టరమ్మగారు కాచిన చోడి (రాగి) అంబలి. రోల్‌బాబు ఆ గ్లాసు పట్టుకుని దిగులుగా, "దీదీ, ఇది మా తాత తాగీవోడు. ఆయన సచ్చిపోనాడు" అన్నాడు. మీ తాత తొంభై దాటాకే పోయాడు తాగరా అన్నారు అమ్మగారు. తాగాడు. అలుగుతూ, బేరాలాడుతూ, నన్ను హిట్లర్ దీదీ అని చాటున పిలుస్తూనే నడిచారు. నవంబరు చివరికి పాట తెగకుండా డాబా మీదికి చేరింది. స్కూల్లో ఫుట్‌బాల్ ఆడుతుంటే తనని గోల్ దగ్గర నుంచి తప్పించి ముందు వరసలోకి పిలిచారని రోల్‌బాబు ఏదో మామూలు సంగతిలా చెప్పి, ఇంకో గుప్పెడు శనగలు తీసుకున్నాడు.

ఆ ఏడు మేటడోర్ వద్దన్నాను. మధ్యాహ్నమే బయల్దేరి అన్ని ఇళ్లకీ నడిచే వెళ్దాం, మామ్మ ఇల్లు ఆఖరున అన్నాను. నేను లెక్కలోకి తీసుకోనిది మా ఆడవాళ్ల జాలి. మేటడోర్‌లో వెళ్లినప్పుడు తలో కేకు ముక్క పెట్టినవాళ్లు, "పాపం, నడిసొచ్చినారు" అంటూ పళ్లేల నిండా కజ్జికాయలు, గులాబీ పువ్వులు, కొత్త బెల్లం సందేశ్ మిఠాయిలు తెచ్చిపెట్టారు. పళ్లు చాలని ముందే కబురు పంపానా, పళ్లూ పెట్టారు. పాటకి వచ్చినవాళ్లు పెట్టింది తినకపోతే మా వాళ్లు ఏడాదంతా మనసులో పెట్టుకుంటారు. తినకండని పిల్లలకి ఎలా సైగ చేయాలా అని నేను తల పట్టుకుంటుంటే, రోల్‌బాబే డోలక్ ఒళ్లో పెట్టుకుని, "మామ్మ దగ్గర పాడినాకే తింటాం ఆంటీ, కట్టి ఇచ్చీండి" అన్నాడు. మిగతావాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు. నా కళ్లని నేనే నమ్మలేకపోయాను. ఇంటామె ముఖం చిన్నబోయింది. మరి నువ్వయినా తినమ్మా అంది. పిల్లల ఊపిరి కాపాడాలి, ఇంటి మర్యాదా కాపాడాలి. అందరి తరఫునా నేను తిన్నాను. ఆ ఇంట్లో తిన్నాను, తర్వాతి ఇంట్లో తిన్నాను, ఒక ఇంట్లో పులావు కూడా తిన్నాను.

మామ్మ ఇంటి మెట్ల దగ్గర పిల్లలకి చివరి ఆజ్ఞ ఇచ్చాను. ఏం జరిగినా ఆగకూడదు, పాట ఆపకూడదు. డోలక్ మోగింది, అందరూ పైకి కదిలారు. నేను రెండో అంతస్తు మలుపు దాకా వెళ్లి, రెయిలింగ్ పట్టుకుని, మెల్లిగా మెట్టు మీద కూలబడ్డాను. కజ్జికాయలు, పులావు అన్నీ కలిసి నన్ను కిందకి లాగుతున్నాయి. దీదీ రాలేదని పైన ఎవరో గుసగుసలాడారు. "ఆపకండి, దీదీయే ఆపొద్దంది" అన్న రోల్‌బాబు గొంతు వినిపించింది.

తలుపు తీసిన చప్పుడైంది. పాట మంచం దగ్గరికి వెళ్లింది. ఒక్క మాట తెగలేదు, ఒక్కరికీ ఆయాసం లేదు. రెండో చరణంలో వణుకుతున్న ముసలి గొంతు ఒకటి వచ్చి కలిసింది. పిల్లలు వెంటనే తగ్గి, ఆవిడ గొంతుకి దారిచ్చారు. అది నేను నేర్పింది కాదు. ఆ చీకటి మెట్ల మీద కూర్చుని సంతోషంతో ఏడ్చేశాను.

పాట అయ్యాక రోల్‌బాబు వచ్చి చేయి పట్టుకుని నన్ను పైకి తీసుకెళ్లాడు. మామ్మ నన్ను ఎగాదిగా చూసి కోడలితో అంది. "ఈ గుంటకి ఇంత ఆయాసమేటి? నడిసొచ్చింది పాపం. ఏటైనా పెట్టు."

మామ్మ ఇప్పుడు లేదు. పిల్లల బాధ్యత రోల్‌బాబుది. ఇప్పటికీ క్రిస్మస్ పాటలకి నడిపించే తీసుకొస్తాడు, వాళ్లతో పాటే మెట్లెక్కుతాడు, ఈల మాత్రం నాకే వదిలేశాడు. మా ఇల్లు మూడో అంతస్తు. రోజూ ఆఫీసు నుంచి వచ్చి మెట్లే ఎక్కుతాను, రెండో మలుపులో కాసేపు ఆగుతాను. ఆయాసం అనుకుని మా అమ్మాయి పై నుంచి నవ్వుతుంది. సగం నిజమే. మిగతా సగం, ఆ మలుపు దగ్గరికి రాగానే నా చెవి దానంతట అదే పైకి తిరుగుతుంది.