డిస్కస్ చేప చూసిన వైపు

బాగేపల్లిలో బస్సెక్కేసరికి ముగ్గురు కూర్చునే సీటులో కిటికీ పక్కన ఒక్కాయనే ఉన్నాడు. ఒడిలో నల్లగుడ్డ కప్పిన నీళ్ళ కవరు. మధ్య సీటు వదిలి ఈ చివర కూర్చున్నాను.

"ఏముండాదప్పా దాంట్లో?" అన్నాను.

గుడ్డ ఎత్తాడు. అద్దాల తొట్టిలో పెంచుకునే డిస్కస్ చేప ఒకే ఒకటి, పళ్ళెంలా గుండ్రంగా. ఒళ్ళంతా నల్లబడి ఉంది.

"భయపడితే ఇట్ల నల్లగయితాది. మనిషి అలవాటైతే ఎర్రగా మెరుస్తాది. చిక్కబళ్ళాపురంలో కొన్న అంగడికే తిరిగి ఇచ్చేస్తాండా."

"జబ్బా?"

"జబ్బయితే బాగుండు. బోరునీళ్ళు పడవని వాననీళ్ళు పట్టి పోస్తాండా. తొట్టిలో హీటరు ఆపేదే లేదు. మేత వేసేది నేనే, అయినా నన్ను చూస్తే నల్లబడతాది. నా పక్క ఖాళీ కుర్చీ దిక్కు తిరిగితే మాత్రం మెరుస్తాది. ఇంట్లో నేనొక్కడినేనప్పా."

నవ్వబోయాను. అంతలో చేప మెల్లగా తిరిగింది. మా ఇద్దరి మధ్యనున్న ఖాళీ సీటుకు ఎదురుగా నిలిచి, చూస్తుండగానే ఎర్రబడింది. ఆయన గుడ్డ కప్పేశాడు.

చిక్కబళ్ళాపురంలో ఆయనకు దారి ఇచ్చి మళ్ళీ నా చోటులోనే కూర్చున్నాను. ఆయన కిందికి దిగి, మా కిటికీ దగ్గరకొచ్చి, కవరు పైకెత్తి గుడ్డ తీశాడు. చేప బస్సులోకే, నా పక్కనున్న ఖాళీ సీటు వైపే చూస్తోంది. ఇంకా ఎర్రగానే ఉంది.

ఆయన ముఖం తేటపడింది. వెంటనే తల దించుకున్నాడు.

"మన్నించప్పా," అన్నాడు.

బెంగళూరు దాకా కిటికీ సీటు ఖాళీగానే ఉన్నా నేను అటు జరగలేదు. ఇప్పటికీ ఇంట్లో నా పక్క కుర్చీ మీద ఏమీ పెట్టను.