ప్రార్థన చేసి చెబుతాను

పక్కింటివాడు కొత్త కారు కొంటే నాకేమీ అనిపించదు. ఆఫీసులో నా తర్వాత చేరినవాడు నాకే మేనేజరైతే రెండు రోజులు ముభావంగా ఉండి సర్దుకుపోయాను. అసూయ నా ఒంట్లో లేదనే అనుకునేవాణ్ణి. నా భార్య బైబిలు చదువుకని సెమినరీలో చేరాక తెలిసింది, అది లేక కాదు, తగిన మనిషి దొరక్క ఊరుకుందని.

మేము అమెరికాలో, డాలస్ పక్కనున్న ప్లేనోలో ఉంటాం. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చివాళ్ళ హాల్లో, వాళ్ళ ఆరాధన ముగిసి కార్లన్నీ వెళ్ళిపోయాక, మా తెలుగు సంఘం కూడుకుంటుంది. ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ కుటుంబాలవాళ్ళు, కొందరు ఎమ్మెస్ చదివే పిల్లలు. మాకంటూ పాస్టరు లేడు. మగవాళ్ళమే వంతులవారీగా వాక్యం చెబుతాం. వంతులని పేరే గాని ఎక్కువసార్లు నేనే. పాస్టరుగారి అబ్బాయిని కదా, మా నాన్న ప్రసంగాలు వింటూ పెరిగాను. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ కళ్ళు మూసుకోవాలో నాకు ఒకరు నేర్పక్కర్లేదు. ఆఫీసులో నేను పదిమందిలో ఒకణ్ణి. ఆ హాల్లో నేను మైకు పట్టుకుంటే చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపుతారని చెప్పుకునేవారు. ఈ దేశంలో నాకంటూ ఉన్న గౌరవం అదొక్కటే.

పెళ్ళినాటికి నా భార్య హైదరాబాదులో లెక్చరరు. ఇక్కడికొచ్చాక డిపెండెంట్ వీసా. ఉద్యోగం చేయకూడదు, చదువుకోవచ్చు. మా అబ్బాయి స్కూలుకి వెళ్ళడం మొదలుపెట్టాక, దగ్గర్లో ఉన్న సెమినరీలో చేరతానంది. "చేరు, టైంపాస్ అవుతుంది" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

కొత్త నిబంధనని మూలభాషలో చదవాలట, గ్రీకు అక్షరాలు మా ఫ్రిజ్ తలుపు ఎక్కాయి. ఆ తర్వాత అమెరికా క్రైస్తవ చరిత్ర కోర్సు మొదలైంది. అన్నం తింటూ చెప్పేది. తొలినాళ్ళలో ఇక్కడికి వచ్చినవాళ్ళు ఇళ్ళు కట్టుకున్నారో లేదో, రేపు తమ పిల్లలు చదువురాని బోధకుల చేతిలో పడతారేమోనన్న దిగులుతో కాలేజీ పెట్టుకున్నారట. ఆదివారపు బడుల్లో చాలావాటిని మొదట పెట్టింది పాటలకీ రంగుల బొమ్మలకీ కాదట, వారమంతా మిల్లుల్లో పనిచేసే పిల్లలకి అక్షరాలు నేర్పడానికట. బానిసత్వం ఉన్న రోజుల్లో ఇక్కడి దక్షిణాది రాష్ట్రాల్లో చాలాచోట్ల బానిసకి చదువు చెప్పడం నేరమట. బైబిలు సొంతంగా చదువుకున్న బానిసకి యజమాని చెప్పే దేవుడు సరిపోడని వాళ్ళ భయమట. చెబుతుంటే ఆమె ముఖం వెలిగిపోయేది. కూర బాగుందని నేను మాట మార్చేవాణ్ణి.

నిజం చెప్పాలంటే కడుపు మండేది. ఊయలలో ఉన్నప్పటినుంచీ నాకు తెలిసిన సంగతుల గురించి నాకు తెలియని సంగతులు ఈమె చెప్పడమేమిటి? ఒకరోజు ఆమె పాఠ్యపుస్తకాన్ని ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టుకుని ఆఫీసుకి పట్టుకెళ్ళాను. లంచ్ వేళ ఒక మూల కూర్చుని, ఆమె పెన్సిలుతో గీతలు గీసిన చోట్లే చదివాను. పక్కన ఆమె రాసుకున్న ప్రశ్నలున్నాయి. నాకైతే ఆ ప్రశ్నలు ఎన్నడూ తట్టేవి కావు. పుండు మీద కారం చల్లినట్టయింది.

ఆ ఆదివారమే నా ప్రసంగంలో బానిసల చదువు సంగతి వాడేశాను. దొంగచాటుగా అక్షరాలు నేర్చుకున్నవాళ్ళ గురించి గొంతు తగ్గించి చెప్పాను, కళ్ళు మూసుకున్నాను. కొందరు కన్నీళ్ళు తుడుచుకున్నారు. తలమీద చున్నీ వేసుకుని ఆడవాళ్ళ వైపు కూర్చున్న నా భార్య నన్నే చూస్తోంది. నేను అటు చూడలేదు.

ఆరాధన అయ్యాక టీ దగ్గరికి ఎమ్మెస్ చదివే అమ్మాయి ఒకతె వచ్చింది.

"అన్నా, మెసేజ్ సూపర్ ఉండె. ఒక డౌట్. ఆ ఓనర్లు కూడా క్రిస్టియన్సే కదా? సేమ్ బైబిల్ చదివి వాళ్ళు ఎట్ల జస్టిఫై చేసుకున్నరు?"

తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆ అధ్యాయం దాకా నేను రాలేదు. "అదీ... అంతా మనుషుల పాపమమ్మా" అన్నాను. ఆ పిల్ల మర్యాదగా తలూపి, నేరుగా నా భార్య దగ్గరికి వెళ్ళింది. కాసేపట్లో అక్కడ చిన్న గుంపు చేరింది. కుర్చీలు మడిచేవాళ్ళు కూడా పని ఆపి వింటున్నారు. మిగిలిన కుర్చీలు నేనే మడిచాను.

కారులో ఉండబట్టలేక నేనే కదిపాను. "నీ బుక్‌లోది వాడుకున్నానని ఫీలయ్యావా?"

"బుక్ మీరు పట్టుకెళ్ళారని తెలుసు. మీ లంచ్ బాక్స్ నూనె మరక పడింది" అంది. గొంతులో కోపం లేదు. "ఏవండీ, మీ నాయనమ్మకి చదువు చెప్పింది ఎవరు?"

"అమెరికా దొరసానిగారు."

మా నాయనమ్మ బైబిలు స్త్రీ. మిషనువాళ్ళ తరఫున ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకి వాక్యం చదివి వినిపించేది. మా వంశంలో అక్షరం ముక్క ఆమెతోనే మొదలైంది.

"అలాంటి దొరసానుల్ని పంపడానికి ఇక్కడి చిన్న చిన్న ఊళ్ళ ఆడవాళ్ళు సొసైటీలు పెట్టుకున్నారు. చాలా చర్చిల్లో వాళ్ళని నోరు విప్పనిచ్చేవాళ్ళు కాదు తెలుసా? ఇక్కడ పనికిరాని మాట సముద్రం దాటితే పనికొచ్చింది!"

నేను తిరగాల్సిన ఎగ్జిట్ దాటిపోయాను.

ఆ వారంలోనే మా సంఘపెద్ద ఫోన్ చేశారు. "వందనాలు బ్రదర్. సిస్టర్‌గారిని చర్చి హిస్టరీ మీద కొన్ని వారాలు చెప్పమందామని మా ఆలోచన. మన యూత్ అడుగుతున్నారు. మీరు ఓకే అంటేనే లెండి, ఇంటికి శిరస్సు మీరే కదా."

స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలనే వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. అది అనడానికి మా నాయనమ్మ అడ్డొచ్చింది. సరేననడానికి మనసు రాలేదు. "ప్రార్థన చేసి చెబుతాను బ్రదర్" అన్నాను.

మా క్రైస్తవుల్లో ఈ మాటకున్న బలం ఇంతా అంతా కాదు. పెళ్ళి సంబంధం నచ్చకపోయినా, ఎవరింట్లోనో ప్రార్థన కూటానికి వెళ్ళాలని లేకపోయినా ఇదే మాట. దేవుడికీ ఆ మనిషికీ మధ్య దూరడమెందుకని ఎవరూ మళ్ళీ అడగరు. వారాలు గడిచాయి. ఆమెకి సంగతి చెప్పలేదు. ప్రార్థన మాత్రం చేయలేదు, చేస్తే ఏం జవాబొస్తుందో నాకు తెలుసు.

సంఘపెద్దగారి భార్య నోరు జారినట్టుంది. ఒక శనివారం పొద్దున నా భార్య ఉల్లిపాయలు తరుగుతూ, తలెత్తకుండా అడిగింది.

"నా గురించి ప్రార్థన చేస్తున్నారటగా. ఏమన్నాడు దేవుడు?"

"ఇంకా ఏమీ చెప్పలేదు."

"పాపం, ఆయన్ని వదిలేయండి. మీరేమంటారు?"

అబద్ధం చెబుదామనే నోరు తెరిచాను. "నాకు కుళ్ళుగా ఉంది" అన్నాను. "నువ్వు నాకంటే బాగా చెబుతావు. నాకు ఇక్కడ ఉన్నది అదొక్కటే. అది కూడా నువ్వే తీసుకుంటే నాకేం మిగులుతుంది?"

నవ్వుతుందనుకున్నాను. కత్తి పక్కన పెట్టింది.

"నేను ఇంట్లో ఉన్న ఆ ఏళ్ళన్నీ, రోజూ మీరు మెళ్ళో బ్యాడ్జి వేసుకుని వెళ్తుంటే, కారు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. అప్పుడు నాకు ఎలా ఉండేదో ఒక్కసారైనా అడిగారా?"

అడగలేదు. కారు అద్దంలో ఆమె కనపడేది, చెయ్యి కూడా ఊపేది. ప్రేమతో నిలబడిందనుకుని, సంతోషంగా ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి.

సంఘపెద్దకి అక్కడే ఫోన్ కలిపాను. "ప్రార్థన చేశారా బ్రదర్?" అన్నారాయన. "నన్నెందుకు అడగడం, ఆమెనే అడగండి" అని ఫోన్ ఆమె చేతికిచ్చాను.

"సరేనండి, చెబుతాను" అంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఎంత సులువుగా అందో! ఆ సులువు చూసి కూడా కుళ్ళుకున్నాను.