వెచ్చని జెల్

ఐసీయూ డాక్టర్ హెలెన్‌ది అదో అలవాటు. స్కాన్ చేసేముందు జెల్‌ని అరచేతిలో వెచ్చబెట్టిగానీ రోగి గుండెల మీద రాయదు. "స్పృహలేని వాళ్లకేం తెలుస్తుంది మేడం?" అని నర్సులు నవ్వినా వినిపించుకోదు. రాశాక, స్కాన్ తెరను బంధువులవైపు తిప్పుతుంది. కంకిపాడు నుంచి బస్సులో వచ్చే సీతారావమ్మ, తెరమీద కొట్టుకునే భర్త గుండెకి రోజూ దణ్ణం పెట్టుకునేది. ఆ సాయంత్రం ఆ గుండె ఆగిపోయింది. హడావుడిలో హెలెన్ చల్లటి జెల్‌నే పోసి చూసింది. ఎంత ప్రయత్నించినా గుండె కదల్లేదు. సీతారావమ్మని లోపలికి పిలిపించింది గానీ, తెరను ఆవిడవైపు తిప్పలేకపోయింది. సీతారావమ్మ దగ్గరికొచ్చి, భర్త గుండెల మీద చెయ్యి వేసి చూసి, "ఇవాళ వెచ్చబెట్టలేదేంటి డాక్టరమ్మా? ఆయన చల్లదనానికి తట్టుకోలేరు" అంటూ కొంగుతో తుడవసాగింది.