మిషన్‌కు తెల్లారని వేళ

దూదేకుల రసూల్ సాబ్ పరుపులు కుట్టే మనిషి. దూది ఏకే మిషన్ ఆదోనికి వచ్చిన ఏడు తోటివాళ్లంతా దాన్ని తిట్టుకుంటూ కూర్చుంటే, ఆయన మాత్రం రోజూ పొద్దున్నే పోయి దాని ముందు నిలబడి, ఎట్లా తిప్పాలో నేర్చుకుని వచ్చాడు. అప్పటికే యాభై దాటాయి. ఆయన కూతురు ముస్రత్‌కు చదువు చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, కొత్తది ఎదురైతే ముఖం చిట్లించకుండా ఉండే గుణం మాత్రం నాయన దగ్గర అబ్బిందే.

ముస్రత్ ఇంట్లో కూర్చునే బ్యాకెండ్ పని చేస్తుంది. ఫోన్లో మనం నొక్కే బొత్తాలు ఆమెవి కావు. నొక్కాక లోపల జరిగే వ్యవహారమంతా ఆమెది. పెళ్లిలో వడ్డించేవాళ్లు అందరికీ కనబడతారు, పొయ్యి దగ్గర వండేవాళ్లు ఎవరికీ కనబడరు. పులుసులో ఉప్పు తగ్గితే మాత్రం వాళ్ల కోసమే వెతుకుతారు.

పన్నెండేళ్ల కింద ఎమ్మిగనూరులోని ఒక కంప్యూటర్ సెంటర్‌లో పీహెచ్‌పీ అనే ప్రోగ్రాం భాష నేర్చుకుని, ఇంక ఈ జన్మకు ఇది చాలనుకుంది. చాలనిస్తే కదా! ఒకటి చేతికి వచ్చేలోపల రెండోది దిగుతుంది, రెండోదాన్ని పట్టుకునేలోపల మొదటిది పాతబడిందంటారు. అయినా ఆమెకు విసుగు లేదు. ముక్కూ మొహం తెలియని వాళ్లెవరో ఏ దేశంలోనో కూర్చుని, పైసా పుచ్చుకోకుండా వీడియోలు పెట్టి నేర్పుతుంటే, వాళ్ల కడుపు చల్లగుండ అనుకుంటూ వింటుంది.

ఊరి బయట అశోక్ షావుకారు జిన్నింగ్ మిల్లు ఉంది. పత్తి నుంచి గింజ వేరు చేసే మిల్లు. ముస్రత్ రాసిన ప్రోగ్రాం అక్కడ ఎనిమిదేళ్లు నడిచింది. గేటు దగ్గర సిద్దప్ప అనే పెద్దమనిషి కూర్చుని, వచ్చిన ట్రాక్టర్‌కల్లా అందులోంచి టోకెన్ తీసిచ్చేవాడు. ఆ ప్రోగ్రాం పాతబడింది, తిరగరాయాలని ముస్రతే చెప్పింది. ఎనిమిది నెలలు కొత్త పద్ధతి నేర్చుకుని రాసింది. ఇప్పుడు రైతు ముందురోజే ఫోన్లో టోకెన్ తీసుకుంటాడు, గేటు దగ్గర మిషన్‌కు చూపిస్తే గేటు దానంతటదే తెరుచుకుంటుంది.

"మొదటి వారం చూస్తాను. తడబడిందంటే వచ్చే ఏటికి బెంగళూరు కంపెనీకి ఇచ్చేస్తాను, ఈ సీజన్‌కు మళ్లా సిద్దప్పే గతి. బాగా నడిచిందంటే సిద్దప్పతో పనిలేదు" అన్నాడు షావుకారు. ఆ చివరి మాట ముస్రత్ చెవిన పడింది. ఆమె ఇల్లు గడిచేదే ఆ మిల్లు పనితో. విననట్టే పనిలోకి దిగింది.

సీజన్ మొదటిరోజు తెల్లవారుజామున ఐదింటికి సిద్దప్ప ఫోన్ చేశాడు.

"అమ్మా, మిషన్ ఎవురినీ లోపలికి వదల్తా లేదు. మీ టోకెన్ రేపటిది, రేపు రండి అంటాంది. హొళగుంద ఊరి ట్రాక్టర్లు పదునాలుగు నిలబడినాయి."

ఆటో పట్టుకుని ఆమె చేరేసరికి ఆరు దాటింది. గేటు చక్కగా తెరుచుకుంటోంది, ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి లోపలికి పోతున్నాయి. బసవన్న అనే రైతు మాత్రం ట్రాక్టర్ దిగి, "మూడింటికి వచ్చినామమ్మా. సలికి పానం పోయె" అన్నాడు. షావుకారు గొంతు పెంచలేదు. "రేపు గూడా ఇట్లయితే ఇంక మాటల్లేవు" అని మాత్రం అన్నాడు.

ఆరోజంతా వెతికింది. ఎన్నిసార్లు చూసినా సరిగ్గానే నడుస్తుంది. దొంగ ఇంట్లో ఉంటే కదా పట్టుకోవడానికి. పొద్దు వాలుతుంటే ఇంక దిక్కుతోచక గేటు దగ్గరికి పోయి, పొద్దున ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమని సిద్దప్పను అడిగింది.

"ఏముండాదమ్మా చెప్పేకి. దానికి అప్పటికి తెల్లారలేదు" అన్నాడు సిద్దప్ప.

"అంటే?"

"మాకు కోడి కూస్తే దినం మారుతాది. మీ సాయిబులకు పొద్దు గూకితేనే మారుతాది గదా. షావుకారుకి గడియారంలో పన్నెండు కొడితే. ఈ మిషన్ యా ఊరిదో గాని, దానికి ఐదున్నరకి మారె. టీ నోట్లో పెట్టుకుంటాండా, గేటు తెరుచుకునె. ఐదున్నరకే నేను టీ తాగేది."

ఐదున్నర. ముస్రత్‌కు సంగతి అర్థమైంది. లండన్ గడియారం మనకంటే ఐదున్నర గంటలు వెనక. మనకు తెల్లవారుజామున ఐదున్నర అయితేనే అక్కడ రాత్రి పన్నెండు కొట్టి తేదీ మారుతుంది. కొత్త పద్ధతి, మనం వేరే చెప్పకపోతే, ఆ గడియారాన్నే పట్టుకుంటుంది. పాత ప్రోగ్రాంలో మన దేశం టైము తీసుకొమ్మని పైన ఒక వరుస ఉండేది. సెంటర్‌లో సారు నేర్పిన అలవాటు కొద్దీ రాసింది, అది అక్కడ ఉందన్న సంగతే మరిచిపోయింది. పరీక్షించినప్పుడల్లా పొద్దున తొమ్మిది దాటాకే పరీక్షించింది. పత్తి మార్కెట్ ఊళ్లో పుట్టి కూడా, ట్రాక్టర్లు కోడికూతకు ముందే వస్తాయని ఆమెకే తోచలేదు. అక్కడే కూర్చుని ఒక్క వరుస చేర్చింది.

లేవబోతూ ఆగింది. "అన్నా, ఇది నడిస్తే నీ పని పోతాదని తెలుసా?"

"తెలుసు. షావుకారు చెప్పినాడు."

"మరి నాకెందుకు చెప్తివి?"

"నువ్వు అడిగితివి గదమ్మా. ట్రాక్టర్ల మింద ఆడోళ్లు గూడా ఉండిరి, సలికి వణుకుతాండ్రి."

ముస్రత్ తల వంచుకుని ఇంటిదారి పట్టింది.

మర్నాడు నాలుగింటికే ఆమె గేటు దగ్గర ఉంది. మొదటి ట్రాక్టర్ వచ్చింది, టోకెన్ చూపించగానే గేటు తెరుచుకుంది. తర్వాతి పదకొండూ అంతే. ఏడింటికి షావుకారు వచ్చి శభాష్ అన్నాడు. ముస్రత్ అప్పుడు చెప్పింది. "సార్, తప్పు పట్టుకుంది సిద్దప్పన్న. ఈ మిషన్ రేపు ఇంకో తీరున తప్పుతాది. చూసి చెప్పే మనిషి గేటు కాడ ఉండాల. ఆయన లేకుంటే నేనూ చేయను, బెంగళూరోళ్లకే ఇచ్చుకోండి."

షావుకారు ఇద్దరి వంకా చూశాడు. "ఉండండిలే ఇద్దరూ" అని ఆఫీసులోకి పోయాడు.

"నీ మేలు మరువనన్నా" అంది ముస్రత్.

సిద్దప్ప తల గోక్కున్నాడు. "మేలేముండాదిలే. ఆ మిషన్ ఎట్ల చూసేదో నాకూ కొంచిం నేర్పియ్యమ్మా. నువ్వు పెట్టిన దినం నుంచి అడగల్లనుకుంటాండా, సిగ్గయితాండె."

లోకంలో ఎవరెవరో తనకు ఊరికే నేర్పారు. తాను మాత్రం ఎనిమిది నెలల్లో ఒక్కనాడూ ఈయన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకోలేదు. ముస్రత్‌కు కళ్లు నిండాయి. కొంగుతో తుడుచుకుని, కుర్చీ ఆయన పక్కకు లాక్కుంది.