కోట గుమ్మంలో విడిచిన చెప్పులు

ఇటు జరిగి కూర్చోండి, చాప మీద చోటుంది. గోడకు ఆనుకుంటే నడుముకు సుఖం. నేను చదివింది మూడో తరగతి దాకానే, కానీ చూసింది మర్చిపోయే రకాన్ని కాను. నవ్వు వచ్చిన చోట నవ్వండి. నవ్వు రాని చోటు కూడా ఒకటుంది.

ఇరాక్ వాళ్ళు కువైట్‌లో దిగిన ఏడాది వేసవి అది. అప్పటికి నేను కువైట్‌లోనే అర్దియా అనే పేటలో ఒక ఇంట్లో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. ఇంటి యజమానురాలిని మామా అనేదాన్ని, ఆయనను బాబా అనేదాన్ని. ఇద్దరు పిల్లలు. చిన్నదానికి మూడేళ్ళు, ఎప్పుడూ నా చంకలోనే. ఆ వేసవిలో బాబా వాళ్ళ అమ్మకు గుండె వైద్యమని బ్రిటన్ బయలుదేరితే, పిల్లల కోసం నన్నూ తీసుకుపోయారు. ఆసుపత్రి ఉన్న ఊరు వేల్స్ అనే సీమలో ఉంది. ఎక్కడ చూసినా పచ్చిక, గొర్రెలు, వాన. నా కాళ్ళు చలికి పగులుతున్నాయని మామా తానే బజారుకు తీసుకుపోయి, తన చేత్తో వేళ్ళు నొక్కి చూసి, లోపల ఉన్ని ఉన్న నల్ల తోలు బూట్లు కొనిపెట్టింది. అంత మంచి తోలు మా వంశంలో ఎవరి కాలికీ తగల్లేదు.

ఒకరోజు ముసలమ్మకు కాస్త నెమ్మదించిందని, అద్దె వాను మాట్లాడుకుని కోటలు చూడబోయాం. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి.

మొదటి కోట సముద్రం ఒడ్డున ఉంది. గుండ్రటి బురుజులు, చుట్టూ కందకం, కందకంలో బాతులు. బాబా అక్కడి బోర్డు చదివి పిల్లలకు చెప్పాడు: "పక్కదేశం రాజు వచ్చి, ఈ నేలవాళ్ళను అణచడానికి కట్టుకున్నాడట దీన్ని." మామా "పాపం" అంది. అంతే, అందరూ ముందుకు నడిచారు.

నేను గుమ్మం దగ్గర ఆగాను. మాది సిద్ధవటం పక్క పల్లె. మా కోటలో గుడీ ఉంది, దర్గా కూడా ఉంది. మా అమ్మ మమ్మల్ని ఎప్పుడు తీసుకుపోయినా పెద్ద దర్వాజా దగ్గరే చెప్పులు విడిపించేది. లోపల ఏ మూల ఏ దేవుడున్నాడో మనకేం తెలుసు అనేది. కోట అంటే చెప్పులు విడవాల్సిన చోటని నాకు అలా ఒంట్లోకి దిగిపోయింది. ఇక్కడా మామా కొనిచ్చిన బూట్లు విప్పి, గోడవార జతగా పెట్టి, చిన్నదాన్ని ఎత్తుకుని లోపలికి పోయాను. పొడుగు కోటు వేసుకుని ముందు నడుస్తున్న మామా వెనక్కి చూడలేదు.

వాన పడుతోంది. రాళ్ళు ఐసుముక్కల్లా ఉన్నాయి. మెలికల మెట్లు అరిగి జారుతుంటే, వట్టి కాళ్ళే మేలనుకుంటూ బురుజు ఎక్కి దిగాను. కింద పచ్చిక మీద ఒక తెల్ల ముసలావిడ నన్ను చూసింది. కాళ్ళను చూసింది, చంకలో పిల్లను చూసింది, ముందు పట్టు రుమాలుతో, బంగారు గాజులతో నిలబడ్డ మామాను చూసింది. నేరుగా మామా దగ్గరికి పోయి ఇంగ్లీషులో ఏదో అంది. గట్టిగా అరవలేదు, కానీ చుట్టూ ఉన్నవాళ్ళంతా తిరిగారు. తర్వాత ఆవిడ తన సంచిలోంచి ఉన్ని మేజోళ్ళు తీసి, తడి గడ్డి మీద మోకాళ్ళూని, నా పాదాలకు తానే తొడిగింది.

నాకు ఇంగ్లీషు రాదు. గుమ్మం వైపు చెయ్యి చూపించి, "అక్కడున్నాయి, మామా, అక్కడున్నాయి" అని అరబ్బీలో అంటున్నాను. చలికి తాళలేక బయటికి పోతానంటున్నానేమో అనుకుని ఆ ముసలావిడ నా భుజం తట్టింది. మామా ముఖం సున్నం కొట్టినట్టయింది.

మేం బయటికి వచ్చేసరికి ఆవిడ వెళ్ళిపోయింది. బూట్లు గోడవార అలాగే ఉన్నాయి, నిండా వాననీళ్ళతో. నేను సిద్ధవటం సంగతి చెప్పాను. బాబా పొట్ట పట్టుకుని నవ్వాడు. మామా నవ్వలేదు.

"ఐబ్," అంది. సిగ్గుచేటు అని. "నా చేత్తో కొన్నాను. నీకు చెప్పులు కూడా ఇవ్వని దాన్ని చేశావు నన్ను, పదిమందిలో."

రెండో కోట కొండమీద ఉంది. నన్ను చిన్నదానితో వానులోనే కూర్చోమన్నారు. కొండ కోటను నేను అద్దంలోంచే చూశాను, బూట్లు ఒళ్ళో పెట్టుకుని.

మామా తమ్ముడికి నిశ్చితార్థం కుదిరిందని, బాబాను తల్లి దగ్గర ఉంచి మేం కువైట్ వచ్చేశాం. మామా నాతో పనిమాటలు తప్ప మాట్లాడటం మానేసింది. నేనూ ఏమని మొదలుపెట్టను? వచ్చిన వారంలోనే తెల్లవారుజామున ఫిరంగులు మోగాయి.

ఆ తమ్ముడు కువైట్ సైన్యంలో ఉద్యోగి. శిబిరం పడిపోయాక మామూలు బట్టల్లో అక్క ఇంటికి చేరాడు. డాబా మీద నీళ్ళ ట్యాంకు వెనక దాక్కునేవాడు. సైనికుల్ని ఇంటింటికీ వెతికి పట్టుకుపోతున్నారు, పోయినవాళ్ళు తిరిగి రావడం లేదు. ఆ ఇంట్లో అందరికీ ఉన్న భయం అదొక్కటే.

ఒక పొద్దున నేను రొట్టెల వరుసలో నిలబడ్డాను. పక్కింట్లో వంటచేసే కోనసీమ అక్క నా ముందుంది. ఎంత గడ్డురోజైనా ఆమె నోరు ఊరుకోదు.

"ఏవమ్మా కడపమ్మాయ్, రొట్టెలకి కూడా దొరసాని బూట్లేనా? ఇరాకోడు చూసి సెల్యూట్ కొడతాడే నీకు."

"ఉన్నవి ఇవేలే అక్కా. నీ మాదిరి నాకు నాలుగు జతలుండాయా?"

"నాలుగు జతలూ నిన్న గుమ్మం బయట పడేసి పోయేరు." ఆమె గొంతు తగ్గించింది. "మా ఇంటికొచ్చేరు. తలకాయలు లెక్కెట్టలేదమ్మా, గుమ్మంకాడ చెప్పులు లెక్కెట్టేరు. మగోడి జత ఒకటి ఎక్కువ తేలింది. పెద్దబ్బాయిని మంచం కిందనించి లాగేరు."

రోజూ పొద్దున ఇల్లు చిమ్మాక, చెల్లాచెదురుగా ఉన్న చెప్పులన్నీ తెచ్చి బయట మెట్టు మీద వరసగా జతలు పెట్టడం నా పని. ఎవరూ చెప్పిన పని కాదు, చేతికి అలవాటు. ఆ పొద్దున వసారాలో పడి ఉన్న తమ్ముడి తోలు చెప్పులూ తీసి, దులపకుండా పెట్టాను.

"రొట్టె తీసుకోవే," అంటోంది అక్క. నేను వీధి మలుపు దగ్గరున్నాను అప్పటికే.

మా గేటు ముందు సైనికుల జీపు ఆగి ఉంది. తలుపు తీసి ఉంది. అప్పుడు నాకు తోచినది ఎక్కడినుంచి తోచిందో మీకే తెలుసు. చెత్త డబ్బా వెనక బూట్లు విప్పి పెట్టి, వట్టి కాళ్ళతో నడిచాను. ఆగస్టు ఎండ. నేల పెనంలా ఉంది. గేటు చేరేసరికి అరికాళ్ళు బొబ్బలెత్తాయి.

ఆఫీసరు తమ్ముడి చెప్పుల జత చేత్తో పట్టుకుని ఉన్నాడు. "నీ మొగుడు బ్రిటన్‌లో ఉన్నాడన్నావు. వీటి మీద దుమ్ము కొత్తది. ఎవరివి?" మామా పిల్లల్ని తన వెనక్కి లాక్కుంది.

"నావి," అన్నాను. "బాబా పాతవి. పెద్దవి, దూరం నడిస్తే జారతాయి. అందుకే రొట్టెకు వట్టి కాళ్ళతో పోతాను. మామా నాకు చెప్పులు కొనదు."

అతను నా పాదాలు చూశాడు. చెప్పులు నా ముందు పడేసి తొడుక్కోమన్నాడు. తొడుక్కున్నాను. పడవలో నిలబడ్డట్టుంది. అప్పుడు మామా వైపు తిరిగాడు.

"ఐబ్. నూనె బావుల మీద కూర్చున్నారు. ఇంట్లో పనిచేసే ఆడదానికి చెప్పులు లేవా? నీకు సిగ్గు లేదా?"

మామా తల వంచింది. "రేపు కొంటాను," అంది. పిల్లలు చూస్తున్నారు.

ఆ కోపంలోనే అతను ముందు గది చూసి, టీవీ మోయించుకుని పోయాడు. డాబా ఎక్కలేదు.

ఇప్పుడు నవ్వు రాని చోటు చెబుతాను. ఆ ఆఫీసరు మామాను అడుగుతుంటే, నాలో ఒక మూల తీపిగా అనిపించింది. వానులో కూర్చోబెట్టినందుకో, ఆ మౌనానికో, ఆరేళ్ళ చాకిరీకో తెలియదు. నేను చెప్పింది అబద్ధమని నాకు తెలుసు, ఆ బూట్లు ఆమె వేళ్ళు నొక్కి కొన్నవని తెలుసు. అయినా ఆ తల వంగడం చూసి తియ్యగా అనిపించింది. ప్రాణం కాపాడినందుకు మెచ్చుకోకండి నన్ను. ఆ తీపి గుర్తొస్తే ఈ రోజుకీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

జీపు పోయాక మామా చెత్త డబ్బా దగ్గరికి తానే పోయి బూట్లు తెచ్చింది. పళ్ళెంలో చన్నీళ్ళు పోసి నా కాళ్ళు అందులో పెట్టించింది. అప్పుడంది:

"అక్కడ నీకు మాట రాక నా పరువు పోయింది. ఇక్కడ మాట వచ్చి పోయింది. ఈసారి పోయినదానికి నాకు బాధ లేదు."

ఆ మాటకు నేను తలెత్తలేకపోయాను. అలసిపోయాననుకుని ఇంకో చెంబు నీళ్ళు పోసింది.

తర్వాత మన దేశం వాళ్ళను బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేర్చి, అక్కణ్ణుంచి విమానాల్లో తెచ్చారు. బయలుదేరేటప్పుడు మామా తన దగ్గరున్న నా పాస్‌పోర్టు చేతికిచ్చి, వంగి నా బూట్ల తాళ్ళు కట్టింది, ఒకప్పుడు ఆ ముసలావిడ కూర్చున్నట్టే కూర్చుని. వద్దు అనలేకపోయాను. తమ్ముడు బతికాడనీ, ఆ పెళ్ళి జరిగిందనీ యుద్ధం అయ్యాక కోనసీమ అక్క కబురు పంపింది.

ఊళ్ళో అందరికీ వేల్స్ కోట కథ చెప్పి నవ్వించాను చాలాసార్లు. అర్దియా గుమ్మం కథ మొదటిసారి ఈ చాప మీదే చెప్పడం.

ఇక లేవండి, పొద్దుపోయింది. పోతూ పోతూ చీకట్లో ఒకరి చెప్పులు ఒకరు వేసుకోకండి. మీ గడప ముందు పొద్దున ఎన్ని జతలు బయలుదేరితే అన్ని జతలూ సాయంత్రానికి చేరుకోవాలి. వాటిని పరాయివాడెవడూ వంగి లెక్కపెట్టకుండుగాక. మీ ఇంటి మెట్టు ఎప్పుడూ మీవాళ్ళ దుమ్ముతోనే నిండి ఉండుగాక.